తాడు కట్టి దించిన బండి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



కిందటి సంవత్సరం ఇదే సభలో పిల్లలకు ప్రశ్నలడిగే అవకాశం ఇచ్చాము. చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక కుర్రవాడు లేచి నిలబడి, "చాచా, అంగారక గ్రహం మీదికి అమెరికావాళ్ళు బండి పంపారు గదా, దాన్ని పైనుంచి కిందికి ఎట్లా దించారు? తాడు కట్టి దించారా?" అని అడిగాడు. సభంతా గొల్లున నవ్వింది. వేదిక మీద కూర్చున్న మేమూ నవ్వాము. కుర్రవాడు ముఖం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు. "తరువాత చెబుతాంలే బేటా" అని మాట దాటవేశాము. నిజం చెప్పాలంటే ఆ రోజు మాకూ జవాబు తెలియదు.

తరువాత తీరిక చేసుకుని చదివాము. చదివితే తేలిందేమిటంటే, ఆ కుర్రవాడు చెప్పిందే నిజం. తాడు కట్టే దించారు! నవ్విన మనమే తెలియనివాళ్ళం. అందుచేత ఈ సంవత్సరం మా ప్రసంగం అతనికి ఉన్న బాకీ తీర్చడానికి. పెద్దలు కూడా కాస్త ఓపికపట్టి వినవలసిందిగా మనవి.

ముందు ఆ బండి సంగతి. ఇంగ్లీషులో రోవర్ అంటారు, తిరుగాడేది అని అర్థం. 2020లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పంపిన రోవర్ పేరు పెర్సివరెన్స్. మన మాటలో పట్టుదల. దేశమంతటా బడిపిల్లలకు పోటీ పెట్టి, ఏడో తరగతి పిల్లవాడు సూచించిన ఈ పేరును ఎంచుకున్నారు. ఆరు చక్రాలు, మూడు మీటర్ల పొడవు, 1,025 కిలోల బరువు. మన రోడ్ల మీద తిరిగే చిన్న కారంత అనుకోండి. లోపల డ్రైవరు ఉండడు. కెమెరాలు, రాళ్ళకు బెజ్జం వేసే చెయ్యి, ప్లుటోనియం వేడితో కరెంటు పుట్టించే బ్యాటరీ, వీటన్నిటినీ నడిపించే కంప్యూటర్లు ఉంటాయి.

ఇదే మొదటిది అనుకోకండి. 1971లోనే సోవియట్ రష్యావాళ్ళు మార్స్-3 అనే నౌకలో నాలుగున్నర కిలోల బుల్లి రోవర్ ఒకటి పంపారు. దానికి చక్రాలు లేవు, మంచు మీద జారే చెక్కల వంటి రెండు పాదాలు ఉండేవి. 15 మీటర్ల తీగతో నౌకకు కట్టి ఉంచారు. మేకను గుంజకు కట్టినట్టు, ఆ తీగ ఎంత పొడవుంటే అంతవరకే తిరగాలి. ఆ సంవత్సరం డిసెంబరు 2న నౌక అంగారకుని నేల మీద మెత్తగానే దిగింది. మనిషి చేసిన వస్తువు ఆ గ్రహం మీద మెత్తగా దిగడం అదే మొదలు. కాని అప్పుడు గ్రహమంతా దుమ్ము తుఫాను. దిగిన తరువాత ఇరవై సెకన్లపాటు సంకేతం వచ్చి ఆగిపోయింది. ఆ బుల్లి బండి ఒక్క అడుగు వేసినట్టు కూడా కబురు లేదు. పాపం, అంత దూరం వెళ్ళి!

ఇక ప్రయాణం. అంగారకుడు ఆకాశంలో ఎర్రగా కనిపిస్తూనే ఉన్నాడు కదా, ఎప్పుడు తీరిక దొరికితే అప్పుడు రాకెట్టు వదలవచ్చు అనుకుంటాము. అట్లా కుదరదు. ఉరుసులో రంగులరాట్నం చూశారు గదా. లోపలి వరుసలో ఒక పిల్ల, బయటి వరుసలో ఒక పిల్ల గుర్రాలెక్కి తిరుగుతున్నారనుకోండి. లోపలి వరుసలోని పిల్ల భూమి. బయటి వరుసలోని పిల్ల అంగారకుడు. భూమి సూర్యుని చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్లు నడుస్తుంది, అంగారకుడు 24 కిలోమీటర్లు. లోపలి పిల్ల బయటి పిల్లకు బంతి విసరాలంటే, ఆ పిల్ల ఇప్పుడున్న చోటికి విసిరితే లాభం లేదు. బంతి వెళ్ళేటప్పటికి ఎక్కడ ఉంటుందో అక్కడికి విసరాలి. ఇద్దరూ సరైన వరుసలోకి రావడం సుమారు 26 నెలలకు ఒకసారి. అప్పుడు కొద్ది వారాలే తలుపు తెరిచి ఉంటుంది. తప్పిపోతే మళ్ళీ రెండు సంవత్సరాలకు పైగా ఆగాలి.

2020 జూలైలో అట్లా తలుపు తెరుచుకుంది. కరోనాతో ప్రపంచం అంతా తలుపులు వేసుకుని కూర్చున్న రోజులవి. అయినా మూడు దేశాలు ఆ ఒక్క నెలలోనే నౌకలు పంపాయి. మనవాళ్ళు ఎందరో పని చేసుకుంటున్న ఎమిరేట్స్ దేశం అల్ అమల్ అనే ఉపగ్రహాన్ని జపాన్ రాకెట్టు మీద పంపింది. అల్ అమల్ అంటే ఆశ. అది దిగేది కాదు, గ్రహం చుట్టూ తిరిగేది. చైనా టియాన్‌వెన్-1ను పంపింది, దాని కడుపులో 240 కిలోల ఝూరోంగ్ రోవర్ ఉంది. చివరగా జూలై 30న ఫ్లోరిడాలోని కేప్ కెనావరల్ నుంచి పెర్సివరెన్స్ బయలుదేరింది.

దాన్ని మోసిన అట్లాస్-5 రాకెట్టు సుమారు 60 మీటర్ల ఎత్తు, 530 టన్నుల బరువు. అందులో ఎక్కువ భాగం ఇంధనమే. ఒక టన్ను బండిని పంపడానికి ఇంత బరువు కాల్చాలి. మన శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న మంగళయాన్ వెళ్ళినప్పుడు రాకెట్టు చిన్నది గనక, నౌక భూమి చుట్టూ తిరుగుతూ తిరుగుతూ వేగం పెంచుకుని డిసెంబరులో గాని అంగారకుని దారి పట్టలేదు. వడిసెలలో రాయి తిప్పి తిప్పి వదిలినట్టన్నమాట. ఆ నౌక కూడా దిగడానికి పోలేదు, 2014 సెప్టెంబరు 24న గ్రహం చుట్టూ కక్ష్యలో చేరింది. అట్లాస్ పెద్దది కాబట్టి గంటలోపలే బండిని నేరుగా దారిలో పెట్టి వదిలేసింది.

ఇక్కడ మాకు ఎంతో నచ్చిన సంగతి ఒకటి ఉంది. మొదట వదిలేటప్పుడు నౌకను సరిగ్గా అంగారకునికి గురిపెట్టరు. కావాలనే కాస్త పక్కకు గురిపెడతారు! ఎందుకంటే, నౌకను వదిలిన తరువాత రాకెట్టు పై అంతస్తు కూడా అదే దారిలో వెనకనే పోతుంది. దాన్ని రోవర్ అంత శుభ్రంగా తయారు చేయరు. మన భూమి సూక్ష్మజీవులు దానికి అంటుకుని ఉండవచ్చు. అది పోయి అంగారకుని మీద పడితే, ఒకరి ఇంటికి బురదకాళ్ళతో వెళ్ళినట్టే. పైగా అక్కడ ఒకప్పుడు జీవం ఉండేదా అని వెతకడానికి పోతూ మనమే తీసుకువెళ్ళి పడేస్తే, తరువాత దొరికింది వాళ్ళదో మనదో ఎట్లా తెలుస్తుంది? అందుకని పక్కకు గురిపెట్టి, రాకెట్టు ముక్క దారిన అది పోయాక, నౌకలోని చిన్న ఇంజన్లు వెలిగించి నెమ్మదిగా దారి సవరిస్తారు. ఈ సవరింపులు ప్రయాణంలో కొన్ని సార్లు జరుగుతాయి.

ప్రయాణం ఆరున్నర నెలలు, 47 కోట్ల కిలోమీటర్లు. దాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. నౌక నిమిషానికి రెండు చుట్లు చొప్పున బొంగరంలా తిరుగుతూ పోతుంది, తిరిగే వస్తువు నిలకడగా ఉంటుంది గనక.

కథంతా చివరి ఏడు నిమిషాలలో ఉంది. అయితే అంతకు ముందు ఒక చిక్కు చెప్పాలి.

2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు మన చంద్రయాన్-3 చంద్రుని మీద దిగడం మనమంతా టీవీలో చూశాము. చంద్రుని నుంచి కబురు రావడానికి సెకను, సెకనున్నర పడుతుంది. అంగారకుడు దూరం. పెర్సివరెన్స్ దిగిన రోజున అక్కడి నుంచి కబురు రావడానికి 11 నిమిషాల 22 సెకన్లు పట్టింది. వెలుగుకన్నా వేగంగా కబురు పంపే ఉపాయం లేదు. గ్రహం గాలిలోకి చొరబడిన క్షణం నుంచి నేల తాకేవరకు పట్టేది ఏడు నిమిషాలు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. "గాలిలోకి చేరాను" అన్న మొదటి కబురు భూమి మీద చెవిన పడేటప్పటికే, అక్కడ బండి నేల మీద ఉంటుంది. బతికో, పగిలో. నాలుగు నిమిషాల కిందటనే తేలిపోయి ఉంటుంది. ఇక్కడ కూర్చున్న ఇంజనీర్లు చేయగలిగింది ఏమీ లేదు. బ్రేకు వేయలేరు, ఒక మాట హెచ్చరించలేరు.

కాబట్టి ఏ క్షణంలో ఏం చేయాలో అంతా ముందే ఆలోచించి, ఆ బుద్ధిని యంత్రం తలలో పెట్టి పంపాలి. బిడ్డను దూరదేశం పంపిన తల్లిదండ్రులకు ఇది కొత్త సంగతి కాదు. బస్సు కదిలిన తరువాత ఇక చెప్పేదేముంది, చెప్పవలసింది అంతకుముందే చెప్పి ఉండాలి.

2012లో క్యూరియాసిటీ అనే రోవర్‌ను దించినప్పుడు ఆ ఏడు నిమిషాల పనికి 5 లక్షల వరుసల కంప్యూటర్ ఆదేశాలు రాశారు. ముక్కలు విడిపోవడానికి, తాళ్ళు తెగడానికి 76 చిన్న చిన్న మందుగుండు పేలుళ్ళు అమర్చారు. అందులో కీలకమైనది ఒక్కటి పేలకపోయినా ఆట ముగిసినట్టే.

ఇంతకీ అంత కష్టం దేనికి? ఆ గ్రహం గాలి దగ్గర ఉంది చిక్కంతా. చంద్రుని మీద గాలి లేదు, ఇంజన్ల బలంతోనే దిగాలి, లెక్క ఒకటే. మన భూమి మీద గాలి దట్టం, పారాచూట్ వేస్తే చాలావరకు అదే దించుతుంది. అంగారకుని గాలి మన గాలిలో నూటికి ఒక వంతు కూడా లేదు. వేగంగా వచ్చే వస్తువును కాల్చివేయడానికి ఆ గాలి చాలు. ఆపడానికి మాత్రం చాలదు. అత్తవారింట్లో అధికారం లేకపోయినా చాకిరీ తప్పని కోడలి స్థితి అని మా ఇంట్లో వాళ్ళు అన్నారు. మేము ఏమీ అనలేదు.

సరే, దిగడం ఎట్లాగో చూద్దాం. నౌక గాలి పై అంచును తాకేటప్పటికి వేగం గంటకు 19,500 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి విజయవాడకు 50 సెకన్లలో చేరే వేగం. రోవర్‌ను రెండు మూకుళ్ళ మధ్య మూసిపెట్టినట్టు కవచంలో ఉంచుతారు. కింది మూకుడు వేడిని తట్టుకునేది. గాలిని ఒరుసుకుంటూ పోయేటప్పుడు దాని బయటివైపు 1,300 డిగ్రీల సెంటిగ్రేడ్ వరకు కాగుతుంది. కమ్మరి కొలిమిలో ఇనుము తెల్లగా మెరిసే వేడి అది. లోపల బండి మామూలు గదిలో ఉన్నట్టు ఉంటుంది. నాలుగు నిమిషాలలో వేగంలో ఎక్కువ భాగం ఈ రాపిడిలోనే పోతుంది.

అయినా మిగిలిన వేగం గంటకు 1,500 కిలోమీటర్లు. శబ్దం కన్నా ఎక్కువ. ఆ వేగంలో, నేలకు సుమారు 11 కిలోమీటర్ల ఎత్తున పారాచూట్ విచ్చుకోవాలి. మన సంఘంలో దర్జీ పని చేసే సోదరులు చాలామంది ఉన్నారు గనక ఈ ముక్క వారికోసం కాస్త వివరంగా చెబుతాము. పారాచూట్ వెడల్పు 21 మీటర్ల 50 సెంటీమీటర్లు. నైలాను, కెవ్లార్, టెక్నోరా అనే గట్టి దారాలతో చేసిన గుడ్డ. మొత్తం బరువు 81 కిలోలు మాత్రమే. అంతకు ముందు 2014లోనూ 2015లోనూ హవాయి దీవుల దగ్గర ఇంకా పెద్ద పారాచూట్లను పరీక్షిస్తే, రెండూ పీలికలయ్యాయి. లెక్క ప్రకారం తట్టుకోవలసిన గుడ్డ తట్టుకోలేదు. అప్పుడు పెర్సివరెన్స్‌వాళ్ళకు భయం పట్టుకుంది. మన లెక్కలో కూడా తప్పుంటే? గుడ్డను మరింత గట్టిపరిచి, చిన్న రాకెట్లకు కట్టి పైకి పంపి మళ్ళీ మళ్ళీ పరీక్షించారు. 2018 సెప్టెంబరులో చేసిన పరీక్షలో ఆ పారాచూట్ సెకనులో పదింట నాలుగు వంతుల కాలంలో పూర్తిగా విచ్చుకుని సుమారు 30 టన్నుల లాగుడు తట్టుకుంది. ఒక్క కుట్టు విడలేదు. కుట్టు మీద ఎంత భారం పడుతుందో దర్జీకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

పారాచూట్ విచ్చుకున్న ఇరవై సెకన్లకు కింది మూకుడు ఊడి పడిపోతుంది. అప్పుడు గాని బండికి నేల కనపడదు.

పారాచూట్ వేగాన్ని గంటకు 300 కిలోమీటర్ల దాకా తగ్గిస్తుంది. అంతకన్నా దానివల్ల కాదు. గాలి పలచన అన్నాము గదా. నేలకు ఇంకా రెండు కిలోమీటర్లే ఉంది. ఇక్కడినుంచి ఏం చేయాలి అన్నదే అందరినీ వేధించిన ప్రశ్న.

1997 జూలై 4న పాత్‌ఫైండర్ అనే నౌక సోజర్నర్ అనే పదిన్నర కిలోల రోవర్‌ను దించింది. దానికి ఒక తమాషా ఉపాయం పన్నారు. నౌక చుట్టూ గాలి సంచులు ఉబ్బించి బంతిలా కింద పడేశారు. అది పదిహేనుసార్లకు పైగా ఎగిరెగిరి పడి చివరకు ఆగింది. 2004లో స్పిరిట్, ఆపర్చునిటీ అనే కవల రోవర్లను కూడా ఇట్లాగే దించారు. ఆపర్చునిటీ దొర్లుకుంటూ దొర్లుకుంటూ వెళ్ళి ఒక చిన్న గుంటలో పడింది. పడితే ఏమి, తొంభై రోజులు పనిచేస్తే చాలనుకున్న ఆ బండి 2018 దాకా పనిచేసింది.

కాని టన్ను బరువు బండికి గాలి సంచులు పనికిరావు. సంచులు పగిలిపోతాయి. పోనీ కింద ఇంజన్లు పెట్టి, కాళ్ళున్న బల్ల మీద బండిని దించుదామా? చైనావాళ్ళు ఝూరోంగ్‌ను 2021 మే 15న ఇట్లాగే దించారు, బల్ల మీద నుంచి వాలుపలకల మీదుగా బండి కిందికి నడిచింది. తేలిక బండికి అది బాగానే ఉంటుంది. బరువు బండి పైన, ఇంజన్లు కింద ఉంటే మాత్రం నేల ఎగుడుదిగుడైతే తలకిందులయ్యే భయం. ఇంజన్ల మంట నేలకు తగిలి దుమ్మూ రాళ్ళూ ఎగజిమ్మడం ఒకటి. దిగిన తరువాత అంత ఎత్తునుంచి బండి కిందికి రావడం మరొక తలనొప్పి.

అప్పుడు వాళ్ళు బల్లను బోర్లా తిప్పి ఆలోచించారు. ఇంజన్లు పైన, బండి కింద. మధ్యన తాడు!

క్యూరియాసిటీని దించే బృందానికి నాయకుడు ఆడమ్ స్టెల్ట్‌జ్‌నర్. ఈయన హైస్కూలులో లెక్కలలో తప్పిన మనిషి. చదువు మాని పాటల బృందంలో వాయించుకుంటూ తిరిగేవాడు. రాత్రిపూట కార్యక్రమం ముగించుకుని ఇంటికి వచ్చేటప్పుడు, వెళ్ళేటప్పుడు ఒకచోట ఉన్న నక్షత్రాలు ఇప్పుడు మరొకచోట ఉన్నాయేమిటి అని అనుమానం వచ్చింది. అది తెలుసుకుందామని ఊళ్ళోని కాలేజీలో చేరాడు. అక్కడినుంచి ఇంజనీరై అంగారకుని దాకా వెళ్ళాడు. మార్కులు తక్కువ వచ్చిన పిల్లలను ఇంట్లో కొట్టబోయే పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకుంటే మాకు సంతోషం.

తాడు సంగతి ఇట్లా ఉంటుంది. రెండు కిలోమీటర్ల ఎత్తున పారాచూట్‌నూ పై మూకుడునూ వదిలేసి బండి కిందికి జారుతుంది. బండి నెత్తిన ఎనిమిది ఇంజన్లున్న చట్రం ఒకటి ఉంటుంది. ఇంజన్లు వెలుగుతాయి. ముందు పక్కకు తప్పుకుంటుంది, లేకపోతే పారాచూట్ వచ్చి నెత్తిన పడుతుంది. తరువాత నిట్టనిలువుగా, నెమ్మదిగా దిగుతుంది. నేలకు ఇరవై మీటర్ల ఎత్తుకు వచ్చేసరికి చట్రం నుంచి బండి విడిపోయి, మూడు నైలాను తాళ్ళ మీద కిందికి వేలాడుతుంది. కబుర్లు, కరెంటు అందించే తీగ ఇంకొకటి ఉంటుంది, దాన్ని వాళ్ళు బొడ్డుతాడు అంటారు. తాళ్ళ పొడవు సుమారు 6 మీటర్ల 40 సెంటీమీటర్లు, ఇరవై ఒక్క అడుగులు. బండి వేలాడుతూనే చక్రాలు చాపుకుంటుంది. చట్రం, బండి కలిసి గంటకు రెండున్నర, మూడు కిలోమీటర్ల వేగంతో, మనిషి నింపాదిగా నడిచే వేగం కన్నా తక్కువలో, కిందికి దిగుతాయి.

నేల తాకిన సంగతి పైనున్న చట్రానికి ఎట్లా తెలుస్తుంది? ఇది మా ఇంట్లో ఆడవాళ్ళకు చెప్పగానే, మేము వివరించకముందే అర్థమైంది. చేదబావిలో నీళ్ళు తోడినవారికి ఇది తెలుసు. చేద నీటిని తాకగానే చేతిలో తాడు తేలికైపోతుంది. తొంగి చూడనక్కరలేదు. ఇక్కడా అంతే. బండి బరువు నేల మీద పడగానే, చట్రాన్ని గాలిలో నిలపడానికి ఇంజన్లకు సగం బలం చాలుతుంది. ఆ తగ్గిన బలం క్షణం సేపు నిలకడగా ఉందా అని కంప్యూటర్ చూస్తుంది. ఉంటే, తాళ్ళు తెగగొట్టమని ఆదేశం. తాళ్ళు తెగిన చట్రం మిగిలిన ఇంధనంతో దూరంగా ఎగిరిపోయి, కొన్ని వందల మీటర్ల అవతల పడి పగిలిపోతుంది. పని ముగించుకుని ఎవరి నెత్తినా పడకుండా పోతుంది.

నేల తాకిన సంగతి తెలియడం చిన్న విషయం అనుకోవద్దు. 1999 డిసెంబరు 3న నాసావారి మార్స్ పోలార్ ల్యాండర్ దిగబోతూ మాయమైంది. విచారణ చేసినవారు తేల్చిన ఎక్కువ నమ్మదగిన కారణం ఇది: ఇంకా పైన ఉండగా కాళ్ళు చాచుకున్నప్పుడు పుట్టిన కుదుపును, నేల తాకిన కుదుపుగా కంప్యూటర్ అనుకుంది. నేలకు సుమారు 40 మీటర్ల ఎత్తున ఇంజన్లు ఆపేసింది. 2016 అక్టోబరు 19న ఐరోపావారి స్కియాపరెల్లీ కూడా అంతే. పారాచూట్ కింద ఊగిసలాడుతుంటే, తిరుగుడు కొలిచే పరికరం తన కొలత హద్దు దాటిపోయింది. ఆ తప్పు లెక్కతో కంప్యూటర్ తాను నేల కంటే కిందకే వెళ్ళిపోయాననుకుంది! నిజానికి అప్పుడు మూడున్నర కిలోమీటర్లకు పైగా ఎత్తున ఉంది. పారాచూట్ వదిలేసి, మూడు సెకన్లు ఇంజన్లు వెలిగించి ఆర్పేసింది. తరువాత ఏమైందో చెప్పనక్కరలేదు.

అన్నిటికన్నా మా మనసు కలత పెట్టింది బీగిల్-2. 2003 డిసెంబరు 25న దిగవలసిన బ్రిటిష్ నౌక. రోవర్ కాదు, ఒకచోట నిలిచి పనిచేసేది. దిగిన తరువాత పలుకు లేదు. పగిలిపోయిందనుకుని ఆశ వదులుకున్నారు. దాన్ని తయారుచేయడానికి ముందు నడిచిన ప్రొఫెసర్ కాలిన్ పిల్లింజర్ 2014లో చనిపోయారు. 2015 జనవరిలో, పైనుంచి తీసిన ఫోటోలలో అది కనిపించింది. పగలలేదు. బాగానే దిగింది. సూర్యరశ్మి పలకలలో ఒకటో రెండో విచ్చుకోలేదు, వాటి కింద ఏరియల్ మూతపడి ఉండిపోయింది. అంతే. దిగడం గెలిచి, మాట చెప్పలేక ఉండిపోయింది. ఆ పెద్దమనిషి ఇంకొక సంవత్సరం బతికి ఉంటే తన పని చెడలేదని తెలుసుకునేవాడు గదా అనిపించింది.

పెర్సివరెన్స్‌కు క్యూరియాసిటీకి లేని కన్ను ఒకటి అదనంగా ఇచ్చారు. క్యూరియాసిటీ దిగినప్పుడు, 20 కిలోమీటర్ల పొడవు, 7 కిలోమీటర్ల వెడల్పు ఉన్న చదును ప్రదేశంలో ఎక్కడైనా దిగు అన్నారు. పెర్సివరెన్స్ వెళ్ళిన జెజెరో అనే గుంట చదును కాదు. కోట్లాది సంవత్సరాల కిందట అక్కడ సరస్సు ఉండేది, నది వచ్చి కలిసి ఒండ్రు వేసింది. మన గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉన్నట్టు డెల్టా. జీవం ఆనవాళ్ళు ఉంటే ఒండ్రులోనే ఉండాలని అక్కడికి పంపారు. కాని చుట్టూ కొండచరియలు, బండరాళ్ళు, ఇసుక. అందుకని ఆ ప్రదేశం పటం ముందుగానే, గ్రహం చుట్టూ తిరిగే ఉపగ్రహాల ఫోటోలతో తయారుచేసి, ప్రమాదమైన చోట్లు గుర్తులు పెట్టి, కంప్యూటర్‌లో దాచారు. పారాచూట్ కింద వేలాడుతూ బండి తన కెమెరాతో నేలను ఫోటోలు తీసి, పటంతో పోల్చి చూసుకుని, తాను ఎక్కడున్నదీ పది సెకన్లలో గుర్తుపట్టింది. అందుబాటులో ఉన్న మంచి చోటు ఎంచుకుని అక్కడ దిగింది. ఆ ఎంపిక మనుషులు చేసింది కాదు, ఆ క్షణంలో అదే చేసుకుంది.

2021 ఫిబ్రవరి 18. మనకు అప్పటికి 19వ తేదీ వచ్చేసింది, తెల్లవారుజాము 2 గంటల 25 నిమిషాలు. మనమంతా నిద్రలో ఉన్నాము. కాలిఫోర్నియాలోని కంట్రోల్ గదిలో మాస్కులు కట్టుకుని కూర్చున్నవాళ్ళకు వేరుశెనగలు పంచారు. నవ్వకండి, ఇది వాళ్ళ ఆచారం. 1964లో చంద్రుని ఫోటోలు తీయడానికి పంపిన రేంజర్ నౌకలు ఆరు వరుసగా చెడిపోయాక, ఏడోదాని రోజున ఎవరో వేరుశెనగలు తెచ్చారట. అది నెగ్గింది. అప్పటినుంచి పెద్ద పెద్ద లెక్కలు కట్టే ఇంజనీర్లు పల్లీలు లేనిదే పని మొదలుపెట్టరు. ప్రతి మెట్టునూ పైకి చదివి వినిపించిన అమ్మాయి స్వాతి మోహన్. బెంగుళూరులో పుట్టి, ఏడాది వయసులో అమెరికా వెళ్ళినామె. నౌక దారినీ తిరుగుడునూ చూసుకునే విభాగానికి ఆమె బాధ్యురాలు. పారాచూట్ విచ్చుకుంది అంది. మూకుడు ఊడింది అంది. నేల తాకిందని చెప్పగానే గదిలో అందరూ లేచి ఎగిరారు. వాళ్ళు ఎగిరేటప్పటికి బండి అక్కడ దిగి పదకొండు నిమిషాలు దాటింది.

ఆ కుర్రవాడికి ఈ ప్రసంగం రాసిన కాగితం నాలుగు రోజుల ముందే చదివి వినిపించాము. బాకీదారు గనక మొదట అతనికే. అంతా విని, చేదబావి దగ్గర కాస్త నవ్వి, "మరి తెగిన తాళ్ళు ఏమయ్యాయి చాచా?" అన్నాడు.

ఈసారి నవ్వలేదు. మళ్ళీ చదివాము. తాళ్ళు చట్రంతోపాటే ఎగిరిపోయి దూరాన పడ్డాయి. పెర్సివరెన్స్ పొట్టకింద కట్టుకుని పోయిన ఇంజెన్యుటీ అనే చిన్న హెలికాప్టర్ 2022 ఏప్రిల్‌లో పైనుంచి ఫోటోలు తీసింది. అందులో పగిలిన పై మూకుడు, దుమ్ము కప్పిన పారాచూట్ కనిపిస్తున్నాయి. పారాచూట్ తాళ్ళు 80, తెగకుండా అట్లాగే ఉన్నట్టు తెలుస్తున్నది. అదే సంవత్సరం జూలైలో రోవర్ కెమెరాకు ఎదురుగా ఇసుకలో ఏదో దారం ఉండలా చిక్కుపడి కనిపించింది. దిగేటప్పుడు ఊడిన సామానులోదే ఏదో పోగు అయి ఉంటుందన్నారు. నాలుగు రోజుల తరువాత చూస్తే అక్కడ లేదు. గాలికి కొట్టుకుపోయింది.

ఆ ఫోటోను పెద్దగా అచ్చు తీయించి తెచ్చాము. సభ అయ్యాక బల్ల మీద పెడతాము, పిల్లలు వచ్చి చూడవచ్చు. సెలవు.